స్విస్ నైఫ్‌కి ఉన్న కార్క్‌స్క్రూతో వైన్ సీసా తీయొచ్చా? బిరడా సగం విరిగి లోపలే ఉండిపోయింది

ప్రశ్న ఇదీ: ఫ్రాన్స్ నుంచి వచ్చిన బావమరిది వైన్ సీసా తెచ్చి ఇచ్చారు. ఇంట్లో ఓపెనర్ లేదు. ఎప్పుడో కొన్న స్విస్ నైఫ్ వెనకాల మెలికల తీగ ఉంది కదా అని దాన్ని దింపి లాగారు. పై సగం విరిగి చేతికొచ్చింది, కింది సగం సీసా మెడలోనే ఉండిపోయింది. ఇప్పుడేం చేయాలి, అసలు ఆ తీగ సీసాలు తీయడానికేనా లేక షోకు కోసం పెట్టారా అని అడిగారు.

తీయడానికే పెట్టారండీ. మీ సీసా కూడా ఏమీ పాడైపోలేదు. కంగారు పడకుండా కాసేపు ఆగి ఇది చదవండి.

నేను ఇంగ్లండ్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు ఒక ఇటాలియన్ రెస్టారెంట్లో పార్ట్‌టైమ్ వెయిటర్‌గా చేశాను. నాకు మందు అలవాటు లేదు, ఈ రోజుకీ లేదు. కానీ శుక్ర, శనివారాల్లో సాయంత్రమంతా బిరడాలు తీయడమే పని. అక్కడ పోర్చుగల్‌కి చెందిన ఒక పెద్దాయన మాకు సీనియర్. కొత్తగా చేరిన వాళ్ళందరికీ ఆయనే నేర్పేవాడు. మొదట చెప్పేమాట ఒకటే: స్క్రూ పని బిరడాను పట్టుకోవడం వరకే, పైకి లేపేది దానికి తగిలించిన లివరు, అంటే మీట. మీ స్విస్ కత్తిలో ఆ రెండోదే లేదు. అందుకే అంత తంటా.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను. మామూలు వైన్ బిరడా దాదాపు 24 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. సీసా మెడ లోపలి వ్యాసం 18.5 మిల్లీమీటర్లే. అంటే దాన్ని యంత్రంతో గట్టిగా నొక్కి లోపలికి దించుతారు. లోపలికి వెళ్ళాక అది మళ్ళీ తన సైజుకి రావాలని చూస్తూ గాజును నాలుగువైపులా నెడుతూనే ఉంటుంది. దాన్ని కదిలించడానికి ఒక 25 కిలోల బియ్యం బస్తా ఎత్తినంత బలం కావాలి, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఒకసారి కదిలిందంటే తర్వాత తేలికే. మొదటి కదలిక దగ్గరే అందరూ చేతిని అటూ ఇటూ వంచేస్తారు, బిరడా అక్కడే విరుగుతుంది. మీది కూడా అలాగే విరిగి ఉంటుంది. మీ కత్తిలోని తీగకి మెలికలు తక్కువ, పొడవు కూడా తక్కువ. పొడవాటి బిరడా అయితే కింది భాగం దాకా పట్టు దొరకదు.

మేం వాడింది ‘వెయిటర్స్ ఫ్రెండ్’ అనే మడత కార్క్‌స్క్రూ. జేబులో పడుతుంది. ఒక పిడి, దాని మధ్యలో మెలికల తీగ, ఒక చివర సీసా మూతి మీది రేకు కోయడానికి చిన్న కత్తి, రెండో చివర మడతబందుతో తగిలించిన ఒక ‘కాలు’. అంతే. దీనికి పేటెంటు తీసుకున్నది జర్మనీలోని రోస్టాక్‌కి చెందిన కార్ల్ వీంకె, 1882లో. ఇన్నేళ్ళయినా ప్రపంచంలో ఏ రెస్టారెంటుకి వెళ్ళినా వెయిటర్ జేబులోంచి తీసేది దాదాపు అదే. తర్వాత వచ్చిన పెద్ద మార్పు ఆ కాలుకి మధ్యలో ఇంకో కీలు పెట్టి రెండు మెట్లు చేయడమే. మొదటి మెట్టు సీసా అంచుకి ఆనించి పిడి ఎత్తితే బిరడా సగం పైకి వస్తుంది, అప్పుడు రెండో మెట్టు ఆనించి మళ్ళీ ఎత్తాలి. కొనేటప్పుడు ఈ రెండు మెట్లదే కొనండి. ఒక్క మెట్టుది అయితే పొడవాటి బిరడాలకి చివర్లో పక్కకి వంగుతుంది.

తీసే పద్ధతి. ముందు పైన ఉన్న రేకుని సీసా మూతి అంచు కింద, గాజు ఉబ్బెత్తుగా ఉన్నచోటు దిగువన చుట్టూ కోయాలి. వైన్ పోసేటప్పుడు రేకుకి తగలకూడదు, అందుకని. తీగ మొనను బిరడాకి సరిగ్గా నడిమధ్య పెట్టకూడదు, వెంట్రుకవాసి పక్కగా పెట్టాలి. తీగ మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి మొనను మధ్యలో గుచ్చితే మెలిక మొత్తం ఒక పక్కకి పోతుంది. మొనను కాస్త పక్కన గుచ్చి, ఒక చుట్టు తిప్పి నిటారుగా నిలబెడితే మెలిక మధ్యలోకి వస్తుంది. పెద్దాయన ఈ మొదటి చుట్టు తిప్పేటప్పుడు మా చేతుల్నే చూసేవాడు, మిగతాది పట్టించుకునేవాడు కాదు. ఒక మెలిక పైకి కనిపించేదాకా దించి ఆపాలి. పూర్తిగా దించితే మొన కింద నుంచి పొడుచుకెళ్ళి పొట్టు వైన్‌లో రాలుతుంది. తర్వాత కాలుని మూతి అంచుకి ఆనించి, ఎడమచేత్తో కాలునీ సీసా మెడనీ కలిపి బిగించి పట్టుకోవాలి. ఆ పట్టు వదులైతే కాలు జారి గాజు అంచు చిట్లుతుంది. పిడిని నిలువుగా పైకి ఎత్తాలి, మీ వైపుకి లాగకూడదు. చివరి అర సెంటీమీటరు చేత్తో పట్టుకుని మెల్లగా కదుపుతూ తీస్తే ‘టప్’ మనదు. ఆ చప్పుడు వినిపిస్తే మా మేనేజర్ మొహం మాడిపోయేది.

ఇక మీ స్విస్ కత్తి సంగతి. సైనికుల కోసం 1891లో వచ్చిన కత్తికి అసలు కార్క్‌స్క్రూ లేదు. బ్లేడు, రంధ్రం చేసే మొన, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్ ఇవే. 1897లో కార్ల్ ఎల్జెనర్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని ఈబాఖ్ ఊళ్ళో ఆఫీసర్ల కోసమని తేలికైన కత్తి తయారు చేసి, రెండో చిన్న బ్లేడుతో పాటు కార్క్‌స్క్రూని కూడా తగిలించాడు. సైన్యం దాన్ని అధికారికంగా ఇవ్వలేదు, ఆఫీసర్లే సొంత డబ్బుతో కొనుక్కున్నారు. అదే తర్వాత విక్టోరినాక్స్ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. ఆ కంపెనీ కత్తుల్లో కూడా అన్నిటికీ ఇది ఉండదు. స్పార్టన్ అనే మోడల్‌కి ఉంటుంది, టింకర్ అనే మోడల్‌కి ఆ స్థానంలో ప్లస్ స్క్రూడ్రైవర్ ఉంటుంది. కొన్ని మోడళ్ళలో ఈ మెలికల మధ్యలో కళ్ళజోడు మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవర్ తిప్పి దాచి ఉంటుంది. సీసాకి వాడేముందు దాన్ని తీసి పక్కన పెట్టండి. లేదంటే అది బిరడాలో ఇరుక్కుంటుంది.

లివర్ లేదు కాబట్టి ఒంటి బలమే వాడుకోవాలి. బ్లేడులన్నీ మూసి ఉన్నాయో లేదో చూసుకోండి, ఇది మర్చిపోవద్దు. తీగని దాదాపు పూర్తిగా దించండి. కుర్చీలో కూర్చుని సీసాని తువ్వాలు చుట్టి రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకోండి. తీగకి అటూ ఇటూ వేళ్ళు పడేలా పిడి పట్టుకుని, లాగడానికి ముందు బిరడా మొత్తాన్ని గాజులోనే పావు చుట్టు తిప్పడానికి ప్రయత్నించండి. గాజుకి అంటుకున్న పట్టు వదిలితే సగం పని అయినట్టే. ఇది కొత్త చిట్కా ఏమీ కాదు. ఇంగ్లండ్‌లో కార్క్‌స్క్రూకి మొట్టమొదటి పేటెంటు 1795లో శామ్యూల్ హెన్షాల్ అనే పాస్టరు గారికి దక్కింది, ఆయన చేసింది సరిగ్గా ఇదే. స్క్రూ పైభాగాన ఒక చిన్న బిళ్ళ తగిలించాడు. స్క్రూ పూర్తిగా దిగాక బిళ్ళ బిరడాకి అదిమి ఇంకా లోపలికి పోనివ్వదు, అప్పుడు తిప్పితే బిరడానే తిరిగి గాజు నుంచి విడుతుంది. అంత చిన్న బిళ్ళకి పేటెంటా అనిపిస్తుంది కానీ వాడి చూస్తే తెలుస్తుంది. బిరడా తిరిగాక వీపు వంచకుండా నిలువుగా, జర్కు ఇవ్వకుండా లాగండి.

ఇప్పుడు మెడలో ఉన్న సగం ముక్క. దాని మీద తీగని నిటారుగా దించితే ముక్క కిందికి జారిపోతుంది. ఏటవాలుగా పెట్టండి, అంటే మొన గాజు వైపుకి చూసేలా. అప్పుడు ముక్క గాజుకి ఆనుకుని కదలకుండా ఉంటుంది. నొక్కకుండా, తీగ తనంతట తాను దిగేలా మెల్లగా తిప్పి లాగండి. సాధారణంగా వచ్చేస్తుంది. ముట్టుకుంటేనే పొడైపోతుంటే ఇంక దాన్ని తీయాలని చూడొద్దు. చెంచా కాడతో లోపలికి నెట్టేయండి. నెట్టేటప్పుడు లోపల గాలి ఒత్తిడి పెరిగి వైన్ మీ చొక్కా మీదకి చిమ్ముతుంది, కాబట్టి సింకులో పెట్టి, సీసాని కాస్త వంచి, పైన గుడ్డ కప్పి నెట్టండి. తర్వాత టీ వడగట్టే జాలీలో పల్చని బట్ట వేసి జగ్గులోకి వడకడితే సరి. రుచికి ఏమీ కాదని మా పెద్దాయన అనేవాడు.

బిరడా అలా పొడి కావడానికి మన ఇళ్ళలో కారణం ఒకటుంది. సీసాని బీరువాలో నిలబెట్టి ఏళ్ళ తరబడి ఉంచుతాం. మే నెల ఎండలకి బిరడా ఎండి కుంచించుకుపోతుంది. పడుకోబెట్టి ఉంచితే వైన్ తగులుతూ తడిగా ఉంటుంది. బాగా పాత సీసా అయితే స్క్రూ జోలికే పోకుండా రెండు పల్చటి స్టీలు రేకుల పరికరం వాడాలి. దాన్ని ‘ఆ-సో’ అంటారు. రేకుల్ని బిరడాకీ గాజుకీ మధ్య అటొకటి ఇటొకటి ఊపుతూ దించి, తిప్పుతూ పైకి లాగితే బిరడాకి చిల్లు కూడా పడదు. అలవాటు కావడానికి టైం పడుతుంది.

బిరడా అంటే ఆ పెద్దాయనకి కొంచెం గౌరవం ఎక్కువ. వాళ్ళది అలెంతేజు ప్రాంతం, బిరడాలు చేసే కార్క్ అనే బెరడు ఇచ్చే ఓక్ చెట్ల తోటలు ఉన్న చోటు. ప్రపంచంలో దొరికే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. చెట్టుకి పాతికేళ్ళు వచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు, తర్వాత తొమ్మిదేళ్ళకోసారి. మొదటి రెండుసార్లు వచ్చింది సీసాలకి పనికిరాదు, మూడోసారి వచ్చిందే బిరడాలకి వెళ్తుంది. అంటే చెట్టుకి 40 ఏళ్ళు దాటాలి. ఒలిచిన ఏడాది చివరి అంకెని మొదలు మీద తెల్ల రంగుతో రాస్తారట, మళ్ళీ ఎప్పుడు ఒలవాలో గుర్తుండటానికి. చెట్టుని నరకరు, గొడ్డలితో బెరడు మాత్రమే విడదీస్తారు. ఇదంతా టేబుళ్ళు తుడుస్తూ చెప్పేవాడు.

కొనేటప్పుడు ఒక్క పరీక్ష చాలు. తీగని కింద నుంచి చూడండి. మెలికల మధ్యలో అగ్గిపుల్ల దూరేంత ఖాళీ కనిపించాలి. ఖాళీ లేకుండా మధ్యలో లావు కడ్డీ ఉండి దాని చుట్టూ మర కోసినట్టు ఉంటే వద్దు. అది బిరడాని పట్టుకోదు, తొలిచేస్తుంది. రెండు రెక్కలు పైకి లేచే పెద్ద కార్క్‌స్క్రూలు చూడటానికి బాగుంటాయి కానీ చౌకవాటిలో చాలావరకు ఈ లావు కడ్డీయే ఉంటుంది. నన్నడిగితే మంచి వెయిటర్స్ ఫ్రెండ్ ఒకటి చాలు. కొన్ని వందల రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

కామెంట్లలో ఒకరు సీసా అడుగుని బూటులో పెట్టి గోడకేసి కొట్టమన్నారు. వద్దండీ, బాబూ. వీడియోల్లో బిరడా బయటికి వచ్చినవాళ్ళవి చూపిస్తారు, సీసా పగిలి చెయ్యి కోసుకున్నవాళ్ళవి చూపించరు. మెడని మంట మీద వేడి చేయమన్నది ఇంకా ప్రమాదం. ఏమీ లేకపోతే పొడవాటి చెక్క స్క్రూ ఒకటి శుభ్రంగా కడిగి బిరడాలోకి బిగించి, దాని తలని పట్టకారుతో పట్టుకుని లాగండి, అది నయం. షాంపేన్ లాంటి పొంగే వైన్‌కి మాత్రం ఏ స్క్రూ వద్దు. లోపల దాదాపు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి ఆరు రెట్లు ఉంటుంది. తీగ గుచ్చితే బిరడా, కార్క్‌స్క్రూ రెండూ కలిసి మొహం మీదకి వస్తాయి. దానికి బిరడా మీద చుట్టి ఉండే సన్నటి తీగల గూడు వదులు చేసి, బిరడాని బొటనవేలితో అదిమి పట్టి, సీసాని తిప్పాలి.

ఇంకొకటి. మన దగ్గర అమ్మే నాసిక్ వైన్లు చాలావాటికి తిప్పి తీసే మూతే ఉంటుంది, పైకి రేకులాగే కనిపించడం వల్ల తెలియదు. తర్వాతి సీసాకి కత్తి తీసేముందు మూతి ఒకసారి తిప్పి చూడండి. ఊరెళ్ళేటప్పుడు స్విస్ నైఫ్ అయినా వెయిటర్స్ ఫ్రెండ్ అయినా చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి. రెండింటికీ బ్లేడు ఉంటుంది, క్యాబిన్ బ్యాగులో దొరికితే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సిందే.