డయాలిసిస్ తర్వాత లైసిన్ డీకార్బాక్సిలేజ్ యాక్టివిటీ ఎందుకు పడిపోతుంది?

ఈ.కోలై బాక్టీరియాలో లైసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడదీసే ఎంజైమైన లైసిన్ డీకార్బాక్సిలేజ్‌ను నికెల్ కాలమ్‌పై శుద్ధి చేసి, పీహెచ్ 8 ఉన్న ట్రిస్ బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) రాత్రంతా డయాలిసిస్‌కు, అంటే చిన్న అణువులు మాత్రమే దాటగలిగే పొర సంచిలో పోసి నానడానికి, పెడితే ఉదయానికి యాక్టివిటీ (ఎంజైము పనిచేసే శక్తి) దాదాపు లేకుండా పోయిందని, ఆ ఎంజైమును పారబోయవలసిందేనా అని మీరు అడిగారు. దయచేసి పారబోయకండి. వరంగల్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నప్పుడు నాకూ సరిగ్గా ఇలాగే జరిగింది. చెడిపోయిందనుకొని పారబోశాను. రెండు వారాల శ్రమ అలా పోయిన తర్వాతే అసలు కారణం తెలిసింది.

ముందుగా ఈ ఎంజైము బాక్టీరియాకు ఎందుకు ఉపయోగపడుతుందో చూడాలి. మన చెరువులు నిండితేనే మత్తడి దుంకినట్టు, చుట్టూ ఆమ్లం పెరిగి, లైసిన్ అందుబాటులో ఉండి, ఆక్సిజన్ తగ్గినప్పుడే ఈ.కోలై దీనిని పెద్ద మొత్తంలో తయారు చేస్తుంది. లైసిన్ నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి కెడావరిన్ ఏర్పడే ప్రతిసారీ కణం లోపలి ప్రోటాన్ ఒకటి ఖర్చవుతుంది. ఆ కెడావరిన్‌ను కాడ్‌బి అనే ప్రోటీన్ బయటికి పంపి, బదులుగా మరో లైసిన్‌ను లోపలికి తెస్తుంది. ఆమ్లాన్ని తగ్గించడమే దీని పని కాబట్టి ఇది అత్యంత చురుకుగా ఉండేది సుమారు పీహెచ్ 5.7 దగ్గర. ఆ స్థితిలో పది ఉపప్రమాణాలు (ఎంజైములోని ఒకేలాంటి ప్రోటీన్ భాగాలు) ఐదేసి చొప్పున రెండు వలయాలుగా చేరి ఒకే అణువుగా నిలుస్తాయి. పీహెచ్ 8 ప్రాంతానికి వచ్చేసరికి ఈ కూర్పు విడిపోయి, తక్కువ చురుకైన జంటలుగా మారుతుంది. అంటే మీ బఫర్ మొదటి దెబ్బ ఇక్కడే కొట్టింది.

రెండవ దెబ్బ ట్రిస్ వల్ల తగిలినది. ఈ ఎంజైము పనిచేయాలంటే బి6 విటమిన్ రూపమైన పిరిడాక్సాల్ ఫాస్ఫేట్ తప్పనిసరి. దాని ఆల్డిహైడ్ భాగం ఎంజైములోని ఒక లైసిన్‌తో బంధం ఏర్పరచుకొని కూర్చుంటుంది. 420 నానోమీటర్ల దగ్గర కనిపించే పసుపు రంగు ఆ బంధానిదే. నా కాలమ్ నుంచి దిగిన ద్రావణం నిమ్మతొక్క రంగులో ఉండేది, ఉదయం డయాలిసిస్ సంచిని వెలుతురుకు ఎత్తి చూస్తే దాదాపు నీళ్లలా కనిపించింది. ఆ మార్పును నేను కళ్లారా చూసి కూడా దాని అర్థాన్ని పట్టించుకోలేదు. ట్రిస్‌లోనూ లైసిన్‌లో ఉన్నట్టే అమైన్ (నైట్రోజన్ ఉన్న భాగం) ఉంది కనుక అది పిరిడాక్సాల్ ఫాస్ఫేట్‌తో కలిసి దానిని ఎంజైము నుంచి దూరం చేయగలదు. మీ సంచిలో కూడా రంగు తగ్గిందేమో ఒకసారి చూడండి.

రెండవసారి శుద్ధి చేసినప్పుడు నేను ట్రిస్ మానేసి, పీహెచ్ 6.5 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో 0.1 మిల్లీమోలార్ పిరిడాక్సాల్ ఫాస్ఫేట్ కలిపి, అది వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి బీకరును అల్యూమినియం రేకుతో చుట్టి డయాలిసిస్ చేశాను. ఉదయానికి పసుపు నిలిచింది, యాక్టివిటీ కూడా నిలిచింది.

అయితే కొలిచేటప్పుడు ఇంకొక చిక్కు ఎదురైంది. రీడింగులు మొదటి రెండు నిమిషాలు సరళరేఖలో నడిచి తర్వాత వంగిపోయేవి. లైసిన్ అయిపోయిందేమోనని మొదట అనుకున్నాను గానీ, పీహెచ్ కాగితం ముంచితే 7 చూపించింది. చర్య జరిగే కొద్దీ ఎంజైమే తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తగ్గించుకొని తన వేగాన్ని తానే తగ్గించుకుంటోంది. బఫర్ గాఢత పెంచి, మొదటి నిమిషం రీడింగులనే లెక్కలోకి తీసుకుంటే ఆ ఇబ్బంది తీరింది.

కణాలను పగలగొట్టిన ముడి రసంతో పనిచేసేవారు మరో విషయం గమనించాలి. ఈ.కోలైలో ఎల్‌డీసీసీ అనే రెండవ లైసిన్ డీకార్బాక్సిలేజ్ కూడా ఉంది, అది తటస్థ పీహెచ్‌కు కొంచెం పైన, 7.6 ప్రాంతంలో బాగా పనిచేస్తుంది, అందువల్ల 7.5 దగ్గర యాక్టివిటీ కనిపించినంత మాత్రాన అది మనకు కావలసిన ఎంజైముదేనని రాసుకోకూడదు.

ఇప్పుడు మీరు చేయవలసింది చిన్న పని. మిగిలిన ఎంజైమును రెండు ట్యూబుల్లో పీహెచ్ 6 బఫర్‌లోకి తీసుకొని, ఒకదానికి మాత్రమే 0.1 మిల్లీమోలార్ పిరిడాక్సాల్ ఫాస్ఫేట్ కలిపి, అరగంట చీకటిలో ఉంచి, రెండింటినీ కొలవండి. కలిపిన ట్యూబులో యాక్టివిటీ తిరిగి వస్తే లోపం బఫర్‌దేనని తేలుతుంది. రెండింటిలోనూ రాకపోతే, కాలమ్ నుంచి దిగిన రోజే తీసి పక్కన పెట్టిన నమూనా ఏదైనా ఉంటే దానిని కూడా ఇదే పద్ధతిలో కొలిచి, వచ్చిన రీడింగులను ఇక్కడ రాయండి, తప్పకుండా చూస్తాను.