మిల్లులో మీరు ‘అల్లుడు సారు’, ఆమె ‘పాప’

ఆదోని నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పొడవు తగ్గించి, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇస్తున్నాను.

“నా వయసు 38. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి పుణెలో ఉద్యోగం చేసేవాణ్ని. మామగారికి పక్షవాతం వచ్చింది. ఆయనకు నా భార్య ఒక్కతే కూతురు. ఐదేళ్ల కిందట ఉద్యోగం వదిలేసి వచ్చి పత్తి నుంచి గింజ వేరుచేసే ఆయన జిన్నింగ్ మిల్లు చూసుకుంటున్నాను. పాత పద్ధతిలో నడిపితే గిట్టుబాటు కాదని పోయిన ఏడాది 80 లక్షల లోను తీసుకుని సగం జిన్నులకు పత్తిని వాటంతట అవే అందించే ఆటో ఫీడర్లు పెట్టించాను. తూకం, లెక్కలు కంప్యూటర్‌లోకి మార్చాను. అప్పటినుంచి ఎవరూ సహకరించడం లేదు. జిన్నులకు చేత్తో పత్తి అందించే ఆడవాళ్లు ముప్పై మంది దాకా ఉంటారు, అందరూ ముఖం మాడ్చుకుని ఉంటారు. ఫీడర్లు ఏదో ఒక వంకతో రోజూ ఆగుతాయి. మామగారి కాలం నాటి పెద్ద గుమాస్తా కంప్యూటర్ ముట్టడు. పైగా రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి మామగారికి లెక్కలు చదివి వినిపిస్తాడు. నా భార్య కాఫీ ఇచ్చి మరీ కూర్చోబెడుతుంది. ‘2003లో నేను పాత జిన్నులు తీసి కొత్తవి పెట్టినప్పుడు ఒక్కరు నోరెత్తలేదే’ అని మామగారు దెప్పుతారు. నేను ఎవరికీ అన్యాయం చేయలేదు. కాలం చేసిన అత్తగారు దసరాకు పెడుతూ వచ్చిన చీరలు నేను ఆపేసినా, ఆ డబ్బు బోనస్‌తో కలిపి వాళ్ల ఖాతాల్లోనే వేశాను. ఐదేళ్లయినా నన్ను ‘అల్లుడు సారు’ అనే పిలుస్తారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా భార్య బీకాం చదివింది గాని మిల్లు విషయాలు తెలియవు, నేనూ చెప్పి బాధపెట్టను. లోను కాగితాల మీద కూడా నేను చూపించినచోట సంతకం పెట్టింది, అంతే. మార్పులు వచ్చినప్పుడు తట్టుకుని నిలబడి, కొత్త పద్ధతులు తేగలిగే నాయకుడిని ఎలా కాగలను? హైదరాబాద్‌లో రెండు నెలల లీడర్‌షిప్ కోర్సు ఉంది. చేరమంటారా? గుమాస్తాను తీసేయమంటారా?”

కోర్సులో చేరకండి. గుమాస్తాను తీసేయకండి. మీరు అడిగినవాటికి జవాబు ఇంతే. మీరు అడగనిది ఒకటి ఉత్తరం నిండా ఉంది, దాని సంగతి చూద్దాం.

మీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు. మామగారి గురించి ఒక పేజీ, గుమాస్తా గురించి ఒక పేజీ, ఫీడర్ల గురించి పేజీ పైన. మీ భార్యకు దక్కినవి మూడే ముక్కలు. గుమాస్తాకు కాఫీ ఇస్తుంది, మిల్లు సంగతులు తెలియవు, చూపించినచోట సంతకం పెట్టింది. చదువుతుంటే నాకు కోపం వచ్చింది, దాచుకోను.

ఆమెకు తెలియకపోవడం ఏమిటండీ? ఆ ఇంట్లో పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. సీజన్ వచ్చిందంటే మిల్లు యజమాని ఇంట్లో అన్నాలు కూడా పత్తి ధర చూసుకునే తింటారు. గుమాస్తా సాయంత్రం లెక్కలు చదువుతుంటే ఆమె గ్లాసులు అక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతుందనుకుంటున్నారా? ఇవాళ ఎన్ని బేళ్లు అయ్యాయి, ఏ ఫీడరు ఎంతసేపు ఆగింది, ఎవరు పనికి రాలేదు, అన్నీ ఆమె చెవిన పడతాయి. మొగుడి నోటి నుంచి వినవలసిన మాటలు మూడో మనిషి నోటి నుంచి వింటోంది. ఆమె గుమాస్తాను కూర్చోబెట్టడం మీకు వ్యతిరేకంగా కుట్ర అని మీకు అనిపిస్తోంది. నాకైతే, తన ఇంటి సంగతి తనకు తెలిసే దారి అదొక్కటే మిగిలిందని అనిపిస్తోంది.

మీరు ఎందుకు చెప్పరో కూడా నాకు అర్థమైంది. బాధపెట్టకూడదని మాత్రం కాదు. ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఊళ్లో ఎంత చులకనో నాకు తెలుసు. మామ సొమ్ము, పెళ్లాం పెత్తనం అంటారు. ఆ రెండో మాట పడకూడదని మీరు భార్యను మిల్లు గేటు బయటే ఆపేశారు. పుణెలో సొంత కాళ్ల మీద నిలబడ్డ మనిషి భార్య తండ్రి కోసం అన్నీ వదులుకుని రావడం చిన్న విషయం కాదు. చాలామంది కొడుకులే రావడం లేదు. ఆ గౌరవం మీకు ఉంది. కాని ఆ త్యాగం చేసినందుకు ఆమెను పక్కన పెట్టే హక్కు రాదు. మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చట్టం 1986లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో గాని రాలేదు. వాటా వచ్చి నలభై ఏళ్లయినా తండ్రి మిల్లులో కూతురికి కుర్చీ వేసేవాళ్లు ఎందరున్నారో మీరే చెప్పండి.

చీరల దగ్గరికి వస్తాను, నా లెక్కలో మీ మిల్లు చెడింది అక్కడే. డబ్బు తగ్గించలేదంటున్నారు, నిజమే. పైసాతో సహా ఖాతాలో పడింది. ఆ ఖాతా నుంచి కొంత మొగుడు తీసుకుని ఉంటాడు, కొంత పొదుపు సంఘం కిస్తీకి పోయి ఉంటుంది. చీర అలా పోదు. ఆయుధ పూజ నాడు జిన్నులకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మీ అత్తగారు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టేదై ఉంటుంది. ఏడాదంతా ముక్కుకు గుడ్డ కట్టుకుని దూది ధూళిలో నిలబడే మనిషిని ఆ ఒక్కరోజు ఆ ఇంటి ఆడపడుచులా చూసినట్టు. కూతురి బిడ్డకు ఒళ్లు బాగా లేదని, మొగుడు తాగి కొడుతున్నాడని, అడ్వాన్సు కావాలని, అందరి ముందూ అడగలేనివి అప్పుడే చెవిలో వేసి ఉంటారు. అత్తగారు పోయాక ఆ పని ఎవరిది? మీ భార్యది. మీరు చీర ఆపినప్పుడు ఆడవాళ్లకు మిల్లు యజమాని ఇంటితో ఉన్న ఒకే ఒక్క దారి మూసుకుపోయింది. ఆమెను అడిగి చేశారా? ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను.

మామగారి దెప్పుడును పట్టించుకోకండి. 2003 వేరు. 2000లో కేంద్రం పత్తి టెక్నాలజీ మిషన్ పెట్టి, జిన్నింగ్ మిల్లులు బాగు చేసుకోవడానికి సబ్సిడీ ఇచ్చిన రోజులవి. అప్పుడు ఆయన కొత్త జిన్నులు పెట్టినా వాటికి పత్తి అందించడానికి చేతులు కావలసే వచ్చాయి. ఇప్పుడు మీ ఫీడరు వచ్చింది చేతుల అవసరం తగ్గించడానికే. సగం జిన్నులకు పెట్టారు, మిగతా సగానికి ఎప్పుడు పెడతారో చెప్పలేదు. ముప్పై మందీ రోజూ ఇంటికి వెళ్తూ వేసుకునే లెక్క అదే. మిల్లు పని పోతే కోసిగి, కౌతాళం పల్లెల జనం లాగా పిల్లలను చంకన వేసుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి, అంటే వలస పనికి పోవాలి. ముఖం మాడ్చుకోక ఏం చేస్తారు?

ఫీడర్లు ‘వంకతో’ ఆగుతున్నాయని మీరన్న మాట కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు. వాన తగిలిన పత్తి ఉండ కడుతుంది. చేత్తో అందించే మనిషైతే ఆ ఉండను వేళ్లతో పీకి, విడదీసి, అందులో గడ్డీ రాయీ ఉంటే పక్కన పడేసి అప్పుడు వేస్తుంది. ఫీడరుకు వేళ్లు లేవు. ఆ సంగతి మీ మిల్లులో ముప్పై మందికీ తెలుసు. ఎవరూ మీకు చెప్పలేదు. ఇంజినీరు గారు కోప్పడతారని కొంత, చెబితే ఫీడరు బాగుపడి తమ పని పోతుందని కొంత.

కొత్త పద్ధతులు తేవాలని ఉంది కదా, ఇక్కడే తెండి. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు ఆఖరు దాకా విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. నూలు వడికే స్పిన్నింగ్ మిల్లులకు బయటి దూది దొరికినప్పుడు మన దూదికి వంకలు పెడతారు. ఆ వంకల్లో పెద్దది చెత్త. అందులోనూ ఎరువుల సంచి నుంచి ఊడిన ప్లాస్టిక్ దారం. 170 కిలోల బేలులో అది కాస్త కలిసినా నూలులో, రంగు వేసిన బట్టలో పైకి తేలుతుంది. దాన్ని ఏరడానికి మనిషి కన్నూ చెయ్యీ కావాలి. జిన్ను దగ్గర పని తగ్గినవాళ్లను ఏరే పనికి మార్చండి. అదే కూలి ఇస్తామని, ఈ సీజన్‌లో ఒక్కరినీ తీయమని నోటితో చెప్పండి. మిగతా సగం జిన్నులకు ఫీడర్లు ఇప్పుడే పెట్టకండి, ఒక సీజన్ రెండూ పక్కపక్కన నడవనివ్వండి. తడి పత్తి చేత్తో అందించే జిన్నులకు, పొడి పత్తి ఫీడర్లకు ఎలా పంచాలో ఆ ఆడవాళ్లనే అడగండి. ఎవరిని ఏ పనికి వేయాలన్నది మాత్రం మీరు నిర్ణయించవద్దు. మీ భార్యకు వదిలేయండి. ఎవరి కన్ను చురుకో, ఎవరికి నడుము నొప్పో, ఎవరికి ఎవరితో మాటల్లేవో మీ కంప్యూటర్‌లో ఉండదు.

గుమాస్తా సంగతి. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి మద్దతు ధరకు అమ్మాలంటే 2025-26 సీజన్ నుంచి రైతు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలి. ఆ సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు ఉండేది. తేమ 8 శాతం దాటిన కొద్దీ ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. యార్డులో ఫోను పట్టుకుని దిక్కులు చూసిన రైతులను మీరూ చూసే ఉంటారు. ఏ ఊరి రైతు పత్తి ఎలా ఉంటుందో, ఎవరు ఎండబెట్టి తెస్తారో, ఎవరు నీళ్లు చల్లి తెస్తారో మీ గుమాస్తాకు నోటికి వచ్చు. పక్కన టైపు చేసే ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి, రైతుల పని మొత్తం ఆయన చేతిలో పెట్టండి. ఆయన కంప్యూటర్ ముట్టనవసరం లేదు. ఆయన చేతి ఖాతా పుస్తకమూ ఈ ఏడాదికి ఉండనివ్వండి. రెండు లెక్కలు కలవని రోజు ఎవరిది తప్పో తెలుస్తుంది, అది మీకే మంచిది. ‘అయ్యా’ అని పిలవండి ఆయన్ని. వయసులో పెద్దవాడు.

ఆయన సాయంత్రాలు ఇంటికి రావడం ఆపకండి. మంచాన ఉన్న మనిషికి రోజంతటిలో అదొక్కటే మిల్లు. ఆ వేళకు మీరూ ఇంట్లో ఉండండి. గుమాస్తా చదువుతాడు, మామగారు వింటారు, ఏదో అంటారు, అననివ్వండి. కాఫీ ఆ రోజు మీరు కలపండి. మీ భార్య గ్లాసులు అందిస్తూ నిలబడకుండా కూర్చుని పుస్తకం చేతిలోకి తీసుకోవాలి. మొదటిరోజు ఆమె ఏమీ మాట్లాడకపోవచ్చు. ఐదేళ్లు అడగని మనిషి హఠాత్తుగా అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. రెండో వారంలో ఒక అంకె దగ్గర ఆగి ‘ఇదేంది నాయనా, తరుగు ఇంత పోయింది’ అని తండ్రిని అడుగుతుంది చూడండి. అప్పుడు జవాబు మామగారిని చెప్పనివ్వకండి, మీరు చెప్పండి, ఆమె ముఖం చూసి చెప్పండి. మంచాన ఉన్న పెద్దాయన దెప్పుళ్లు ఆ తర్వాత వాటంతట అవే తగ్గుతాయి. ఆయన భయమల్లా తన కూతురు తన మిల్లులో లేకుండా పోయిందనే. అది నా ఊహ, కాని పందెం కాయగలను.

‘అల్లుడు సారు’ అంటే ఎందుకు నొచ్చుకుంటారు? అల్లుడే కదా. ఇద్దరు పిల్లల తల్లయినా మీ భార్య మిల్లువాళ్లకు ఇంకా పాపే అయి ఉంటుంది. ఆ పాప పక్కన మీరు కనపడితే ఆ పిలుపులో వెటకారం ఉండదు. పక్కన లేకుంటే మీరు డైరెక్టర్ అని బోర్డు పెట్టుకున్నా ఉంటుంది.

ఈ దసరాకు చీరలు పెట్టండి. బోనస్ బోనస్‌గానే ఉండాలి, దాంట్లోంచి కోయకండి. చీరలు కొనడానికి మీరు వెళ్లొద్దు, రంగులు కూడా చెప్పొద్దు. ఆమె ఎవరిని తోడు తీసుకెళ్తుందో అదీ ఆమె ఇష్టం.

నిద్ర సంగతి: ఇలా ఇంకా కొన్నాళ్లు సాగితే డాక్టరుకు చూపించుకోండి, నామోషీ పడకండి. కోర్సు మీద అంత మోజు ఉంటే సీజన్ అయ్యాక ఏప్రిల్‌లో వెళ్లండి, ఇద్దరూ వెళ్లండి.

చివరగా లోను. 80 లక్షలకు ఆమె హామీ సంతకం పెట్టి ఉంటే, మీరు కట్టలేని రోజు బ్యాంకు ఆమెనూ మీతో సమానంగా అడుగుతుంది. కాంట్రాక్టు చట్టం 1872 నుంచీ చెబుతున్నది అదే. చదవకుండా పెట్టినా సంతకం సంతకమే. ఈ ఆదివారం కాగితాలన్నీ బయటికి తీసి ఆమె ముందు పెట్టండి. వడ్డీ ఎంత, కిస్తీ ఎంత, ఎన్నాళ్లు, తాకట్టు ఏం పెట్టారు, ఇప్పటికి ఎంత కట్టారు, రెండు సీజన్లు దెబ్బతింటే ఏం చేస్తారు, అన్నీ చెప్పండి. బీకాం చదివిన మనిషి, మీరు తడబడేచోట ఆమె పట్టుకుంటుంది. అప్పుడు గొంతు పెంచకండి. మీకూ జవాబు తెలియనివి ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి మేనేజర్‌ను అడగండి. సోమవారం రద్దీగా ఉంటుంది, మంగళవారం పొద్దున్నే వెళ్లండి.