కనబడని బోయా, ఆగిపోయిన హెచ్చరిక

ప్రశ్న: తుపాను వెలిశాక నది మొగ దగ్గరికొచ్చాం. ఆకుపచ్చ బోయా (ఓడలకు దారి చూపే తేలే గుర్తు) ఛార్టులో (సముద్రపటంలో) చూపిన చోట లేదు, కాస్త అవతల తేలుతోంది. జీపీఎస్ తప్పా, బోయాయే కదిలిందా? ఈ సంగతి ఎలా తెలియజేయాలి?

జవాబు: బోయా గొలుసు నీటి లోతు కంటే పొడవుగా ఉంటుంది. అందుకని గాలినీ ఆటుపోట్లనూ బట్టి అది అడుగునున్న దిమ్మ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆ మాత్రం తేడాకి కంగారు పడనక్కర్లేదు. అంతకు మించి ఉందనిపిస్తే ఒడ్డు మీద కదలని గుర్తులు, దీపస్తంభం లాంటివి, రెండు మూడు ఎంచుకుని బేరింగులు, అంటే దిక్సూచితో వాటి దిశలు, తీసి ఛార్టు మీద గీయండి. ఆ గీతలు కలిసిన చోటూ జీపీఎస్ చూపిన చోటూ ఒకటైతే కదిలింది బోయాయే. కలవకపోతే ముందు ఛార్టు డేటమ్ (స్థానాల కొలతకు ఆధారం) చూడండి. జీపీఎస్ వాడే డేటమ్ డబ్ల్యూజీఎస్ 84. అది కాని పాత ఛార్టు మీద జీపీఎస్ స్థానం వందల మీటర్లు పక్కకు పడొచ్చు. నిర్ధారణ కోసమని బోయా పక్కకే పోవద్దు. దాన్ని ఈడ్చిన కెరటాలు ఇసుకనూ ఈడ్చి ఉంటాయి. నిన్నటి లోతు ఇవాళ మేట అయి ఉండొచ్చు.

ఇక కబురు. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో ‘సెక్యూరిటే’ (భద్రతా హెచ్చరిక) అని మూడుసార్లు పిలిచి, వివరాలు సంభాషణకు వాడే పని ఛానెల్‌లో చెప్పండి. తీర కేంద్రానికీ తెలపండి. బోయా పేరు లేదా నంబరు, ఛార్టులో దాని స్థానం, మీరు చూసిన స్థానం, చూసిన సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో), దాని పరిస్థితి: ఇవన్నీ ఉండాలి. అక్షాంశంలో నిమిషంలో పదో వంతంటే 185 మీటర్లు. కాబట్టి నిమిషాలకు కనీసం రెండు దశాంశాలు చెప్పండి. దీపం తేడాగా ఉంటే ‘సరిగా లేదు’ అంటే చాలదు. స్టాప్‌వాచ్‌తో మూడు పూర్తి ఆవృత్తాలు (మెరుపుల వరుస మళ్లీ మొదలయ్యేదాకా ఒకటి) లెక్కపెట్టి, ఎన్ని మెరుపులు, ఎన్ని సెకన్లు అని చెప్పండి.

ఎక్కువ మంది పొరబడేది ఒక్క మాట దగ్గర. ‘బోయా లేదు’ వేరు, ‘మాకు కనబడలేదు’ వేరు. వానలో అర మైలు చూపు ఆనని వేళ చెప్పదగినది రెండోదే. ఎంత దూరం నుంచి, ఎలాంటి వెలుతురులో వెతికారో కూడా చెబితే వినేవాళ్లు తూకం వేసుకుంటారు. ఇలా చెప్పడం మర్యాద కోసం చేసే పని కాదు. నౌకాయానానికి నేరుగా ప్రమాదం కలిగించేది కనబడితే తెలియజేయాలని సముద్రంలో ప్రాణరక్షణ కోసం చేసుకున్న సోలాస్ అంతర్జాతీయ ఒప్పందం 5వ అధ్యాయం ఓడ మాస్టర్ మీద బాధ్యత పెట్టింది.

ప్రశ్న: ఓడలకు రేడియోలో భద్రతా సమాచారం పంపే నావ్‌టెక్స్‌లో మొన్న వచ్చిన హెచ్చరిక మళ్లీ రాలేదు. రద్దయినట్టేనా?

జవాబు: కాదు. ఒకసారి తప్పుల్లేకుండా అందిన సందేశాన్ని రిసీవరు గుర్తు పెట్టుకుని, మళ్లీ వచ్చినా అచ్చు వేయదు. రద్దు సందేశం వచ్చిందా, అమల్లో ఉన్న హెచ్చరికల జాబితాలో ఆ నంబరుందా అన్నది చూడాలి. 518 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో కేంద్రానికి 4 గంటలకోసారి వంతు వస్తుంది. బయల్దేరే ముందు రెండు వంతులైనా అందాలంటే 8 గంటల ముందే రిసీవరు ఆన్ చేసి ఉంచాలి.

ఛార్టుల సవరణలు ప్రకటించే నోటీస్ టు మెరీనర్స్‌లో వచ్చే తాత్కాలిక, ముందస్తు సవరణలను ఛార్టు మీద పెన్సిల్‌తో రాయండి. శాశ్వత సవరణలు మెజెంటా సిరాతో వేసి, నోటీసు నంబరు ఎడమ కింది మూలన రాయాలి. నోటీసు చెప్పే ముందు సవరణ నంబరు అక్కడ లేకపోతే మధ్యలో ఒక సవరణ జారిపోయిందన్నమాట.

ప్రశ్న: నీలం, పసుపు నిలువు చారల బోయా కనబడింది. ఏ పక్కనుంచి పోవాలి?

జవాబు: అది కొత్తగా మునిగిన ఓడ గుర్తు. ఏ పక్క క్షేమమో అది చెప్పదు, దూరంగా తొలగండి. రాత్రి నీలం, పసుపు దీపాలు ఒక్కో సెకను చొప్పున మార్చి మార్చి వెలుగుతాయి, మధ్య అర సెకను చీకటి. 2002 డిసెంబరు 14న ఇంగ్లిష్ ఛానెల్‌లో ట్రైకలర్ అనే ఓడ మునిగింది. రెండు రోజులకే నికోలా, జనవరి 1న విక్కీ అనే ఓడలు ఆ శిథిలాన్నే ఢీకొన్నాయి. ఈ బోయా ఆ అనుభవం నుంచి పుట్టింది.

ఓడలూ గుర్తులూ తమ స్థానం రేడియోలో పంపే ఏఐఎస్ తెర మీద గుర్తుండి నీటి మీద ఏమీ లేకపోతే అది వర్చువల్ గుర్తు (తెర మీదే కనబడేది) కావచ్చు. 99తో మొదలయ్యే ఏఐఎస్ గుర్తింపు నంబరు అసలు బోయాలకూ ఉంటుంది కాబట్టి నంబరు ఒక్కటే చూసి తేల్చకండి, వివరాలు తెరిచి చూడండి. ఏఐఎస్ లేని పడవకు అది ఉన్నట్టే తెలియదు.