బ్రోకలిని నాటారా, బ్రోకలీని నాటారా?

సందేహం: మాది హనుమకొండ. మిద్దె మీద కుండీల్లో కూరగాయలు పెంచుతాను. ఈసారి బ్రోకలీని అనే సన్నకాడల కూర విత్తనాలు తెప్పించి వేశాను. మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ‘పది కుండీల్లో బ్రోకలిని నాటాను’ అని రాస్తే అందరూ మామూలు బ్రోకలి అనుకున్నారు. పెద్ద పువ్వు రాలేదని జాలి కూడా పడ్డారు! నేను రాసింది తప్పా? దీనికి తెలుగు పేరు ఏదైనా ఉందా? ఇంకొకటి. మొన్న మా అత్తమ్మ చూసి ‘మంచిగ పూసింది బిడ్డా’ అంటే నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ పంటకు ‘పూసింది’ అనాలా, ‘కాసింది’ అనాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీరు రాసింది తప్పు కాదు. మీ గ్రూపువాళ్లు చదువుకున్నదీ తప్పు కాదు. ఆ వాక్యానికి రెండు అర్థాలూ ఉన్నాయి.

తెలుగులో ద్వితీయా విభక్తికి ‘ను’, ‘ని’ అని రెండు రూపాలు. చెట్టును, కుండను అంటాం. ఇకారంతో ముగిసే మాటైతే ఆ ‘ను’ కాస్తా ‘ని’ అవుతుంది: హరిని, గోబిని, బ్రోకలిని. చిన్నయసూరి బాలవ్యాకరణం దీన్ని సూత్రంగానే చెప్పింది. చదువు రాని ముసలమ్మ కూడా ఇందులో పొరపాటు పడదు. అందుకే ‘బ్రోకలిని నాటాను’ అనగానే తెలుగు చెవి ఆ ‘ని’ని విడదీసి పక్కన పెట్టి, నాటింది బ్రోకలి అని తేల్చేసుకుంటుంది.

మరి మీ అర్థం ఎలా వస్తుందంటారా? ప్రాణం లేని వస్తువుల విషయంలో మనం ఆ విభక్తిని వదిలేస్తుంటాం. పాలు తాగాను, నారు పోశాను, గోడ కట్టాను అంటాం కానీ పాలను, నారును, గోడను అని ప్రతిసారీ అనం. ఆ లెక్కన బ్రోకలీని అనే పంటను విభక్తి లేకుండా చెప్పినా వాక్యం అలాగే వినిపిస్తుంది. విభక్తి పెట్టి తీరాలనుకుంటే ‘బ్రోకలీనిని’ అనాలి. అనవచ్చు కానీ, నాలుకకు అదో పరీక్ష.

‘ని’తో ముగిసే మాటలు మనకు కొత్తేమీ కావు. మన గోదావరిఖనినే చూడండి. ‘గోదావరిఖని చూసొచ్చాను’ అంటే ‘గోదావరిఖ’ అనే ఊరు చూసొచ్చాడని ఎవరూ అనుకోరు. అలాంటి ఊరు లేదు కాబట్టి. ఇక్కడ చిక్కల్లా బ్రోకలి అని ఇంకో కూర ఉండటమే. అదీ దీనికి తల్లి వరస.

చివరి అక్షరానికి దీర్ఘమిచ్చి ‘బ్రోకలీనీ’ అని రాస్తే సరిపోదా అని ఒక మిత్రుడు అడిగాడు. అది పెనం మీంచి పొయ్యిలోకి దూకినట్టే. ‘బ్రోకలీనీ గోబినీ తెచ్చాను’ అంటే రెండు కూరలు తెచ్చానని అర్థం వస్తుంది.

నా సలహా ఏమిటంటే, లీకి దీర్ఘముంచి ‘బ్రోకలీని’ అని రాయండి. దాని పక్కన మొక్క, నారు, కాడ లాంటి మాట ఒకటి తప్పకుండా చేర్చండి. ‘బ్రోకలీని మొక్కలు నాటాను’, ‘బ్రోకలీని కాడలను వేయించాను’. విభక్తి బరువు ఆ రెండో మాట మోస్తుంది, పేరుకు బాధ తప్పుతుంది. చామంతి మొక్క, మర్రిచెట్టు అనడం మనకు అలవాటే కదా.

పేరు సంగతి. బ్రోకలి అనేది ఇటాలియన్ మాట, అక్కడ బహువచనం. ఏకవచనం బ్రోకలో, అంటే మోసు, చిగురుకాడ. చివర ‘ఇని’ చేరిస్తే ‘చిన్నచిన్నవి’ అని. అందులోనే బహువచనం ఉంది కాబట్టి మనం ‘బ్రోకలీనీలు’ అంటే బహువచనం మీద బహువచనం. చిప్స్‌ను చిప్సులు చేసుకున్నవాళ్లం, అదేం పెద్ద తప్పు కాదు. అయినా నాలుగు కాడలు, రెండు కట్టలు అంటే హాయిగా ఉంటుంది.

ఆ ‘చిన్న’ అనే అర్థాన్ని పట్టుకుని కొందరు ‘పిల్ల బ్రోకలి’, ‘చిట్టి బ్రోకలి’ అంటున్నారు. నాకు నచ్చలేదు. పిల్ల అంటే రేపు పెద్దదవుతుందనే ఆశ ఉంటుంది. ఇది ఎన్నాళ్లు ఉంచినా బ్రోకలి కాదు. జపాన్‌లోని యొకొహామాకు చెందిన సకాటా విత్తన కంపెనీ బ్రోకలినీ, గైలాన్ అనే చైనా కూరనీ కలిపి 1993లో తీసిన సంకరం ఇది. రెండూ క్యాబేజీ జాతివే. మామూలుగా పుప్పొడి కలిపి చేసిన సంకరమే, జన్యుమార్పిడి పంట కాదు. గైలాన్ నుంచి సన్నని పొడుగాటి కాడ వచ్చింది, బ్రోకలి నుంచి పైన మొగ్గల గుత్తి. సంకరం కనుక మీ మొక్క గింజలు దాచి వచ్చే ఏడు వేస్తే అదే పోలిక వస్తుందన్న నమ్మకం లేదు. పైగా బ్రోకలీని అన్నది అమెరికాలో ఒక కంపెనీ వ్యాపారముద్ర. విత్తనాల పొట్లం మీద వేరే పేరుంటే కంగారు పడకండి.

కొత్త కూర వస్తే పాత కూర పేరుకు ముందు ఒక మాట తగిలించడం మన పద్ధతి. చిక్కుడు తెలుసు కనుక గోరుచిక్కుడు. వంకాయ తెలుసు కనుక బెంగళూరు వంకాయ. మిరియం తెలుసు కనుక సముద్రం దాటి వచ్చిన ఘాటు కాయ మిరపకాయ అయింది. ఇప్పుడు మిర్చి లేని వరంగల్‌ను ఊహించగలమా? ఆ దారిలో పోతే దీనికి ‘కాడ బ్రోకలి’ అన్న పేరు నప్పుతుంది. ఇందులో తినేది ముఖ్యంగా కాడే. తోటకూర కాడ, ఉల్లికాడ మనకు తెలిసినవే. ఒక్క జాగ్రత్త: మాటల వరస తిప్పి ‘బ్రోకలి కాడ’ అనకండి. ‘బ్రోకలి కాడ నీళ్లు పొయ్యి’ అంటే మన దిక్కు బ్రోకలి దగ్గర నీళ్లు పొయ్యమని అర్థమవుతుంది!

ఇక మీ అత్తమ్మగారి మాట. నిజానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన సందేహం ఇదే. మన రైతు అన్ని పంటలకూ ఒకే క్రియ వాడడు. వరి ఈనుతుంది. జొన్న కంకి వేస్తుంది. పసుపు ఊరుతుంది. పత్తి పగులుతుంది. మిర్చి కాస్తుంది. క్యాబేజీ గడ్డ కడుతుంది. ఏ భాగం ఇంటికి చేరుతుందో ఆ క్రియే చెప్పేస్తుంది. బ్రోకలీనిలో కాయ తినం, కనుక ‘కాసింది’ కుదరదు. విచ్చిన పువ్వు కోసం పెంచం, కనుక ‘పూసింది’ అంటే అదను దాటిందని అర్థం. గోబి పువ్వు కట్టింది అన్నట్టే దీన్ని ‘మొగ్గ కట్టింది’ అనాలి.

అత్తమ్మగారు కళ్లారా పసుపుపచ్చ పూలు చూసి ‘పూసింది’ అని ఉంటే ఆమె మాట అక్షరాలా నిజం, మీ టెన్షన్ కూడా న్యాయమే. ఇది చలి పంట. ఎంగిలిపూల బతుకమ్మ నాడు నారు పోసి దీపావళికి నాటుకుంటే సరిపోతుంది. రెండూ అమావాస్యలే, నారుకు సరిగ్గా నెల వయసు వస్తుంది. నాటిన యాభై, అరవై రోజులకు మొగ్గ కడుతుంది. ఆలస్యంగా వేస్తే, చలి శివశివా అంటూ వెళ్లిపోయే రోజులకు మొగ్గలు చకచకా విచ్చుకుంటాయి.

నడిమి మొగ్గ రూపాయి బిళ్లంత కాగానే దాన్ని తీసేయాలి, అప్పుడే పక్క కొమ్మలు లేస్తాయి. ఈ పనికి ‘తెంపాను’ కంటే ‘కోశాను’ మేలు. బతుకమ్మకు పూలు తెంపుతాం, అది చేతి పని. ఈ కాడను చేత్తో లాగితే నార లేచి మొక్క కదులుతుంది, కత్తి పెట్టాల్సిందే.

పూసినవాటిని పారేయకండి. అవి ఆవపూల చుట్టాలే, నాలుగు రేకులవి. లేత కాడతో సహా పోపులో వేసుకోవచ్చు. అత్తమ్మగారు పేరడిగితే ‘కాడగోబి’ అని చెప్పి చూడండి. ఆమె నోట అది నిలిస్తే, నా ‘కాడ బ్రోకలి’ని వెనక్కి తీసుకుంటాను.