కోడ్‌లో కామెంట్లు ఏం రాయాలి? గుణుపూర్ కాటా దగ్గర నాకు తెలిసొచ్చింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పర్లాకిమిడిలో ఒక స్కూలు ఫీజుల ప్రోగ్రాం మీ చేతికి వచ్చింది. రాసినాయన ఉద్యోగం మారి వెళ్ళిపోయారు. గడువు తేదీకి ఏడు రోజులు కలిపే లైను ఒకటి అందులో ఉంది, అదెందుకో ఎవరికీ తెలియట్లేదు. మీ సీనియర్ మాత్రం "కోడ్ శుభ్రంగా ఉంటే కామెంట్లతో పనేముంది" అంటున్నారు. అసలు కామెంట్లు, అంటే కోడ్ మధ్యలో మనుషులు చదువుకోవడానికి రాసుకునే మాటలు, రాయాలా, రాస్తే ఏం రాయాలి అని అడిగారు.

మీ సీనియర్ చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. పేర్లు సరిగ్గా పెడితే, ఫంక్షన్లు (ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు) చిన్నగా ఉంటే, ఆ కోడ్ ఏం చేస్తోందో చదివితే తెలిసిపోతుంది. దాన్నే మళ్ళీ కామెంటులో రాయడం దండగ. కానీ అలా ఎందుకు చేయాల్సి వచ్చిందో ఎంత శుభ్రమైన కోడ్ అయినా చెప్పలేదు. ఈ తేడా తెలియక నేను కొందరు రైతుల తూకం చెడగొట్టాను. ఆ సంగతి కాస్త వివరంగా రాస్తాను, మీకు పనికొస్తుంది.

ఒడిశాలోని గుణుపూర్ దగ్గర ఒక పత్తి మిల్లుకి కాటా ప్రోగ్రాం చూసుకునేవాణ్ణి. పని తీరు మీకు తెలిసే ఉంటుంది. రైతు ట్రాక్టరు లోడుతో కాటా ఎక్కుతుంది, ఒక తూకం. పత్తి దించాక ఖాళీ బండి మళ్ళీ ఎక్కుతుంది, ఇంకో తూకం. రెండింటికీ తేడా ఎంతో అంతకే డబ్బులు. కాటా దగ్గర బరువు అంకె చూపించే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ద్వారా బరువు కంప్యూటర్‌కి వస్తూ ఉంటుంది, ప్రోగ్రాం దాన్ని పట్టుకుని చీటీ ప్రింట్ చేస్తుంది.

నాకంటే ముందు పనిచేసిన అన్నయ్య రాసిన కోడ్‌లో ఒక లూప్, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ముక్క, ఉండేది. ఒక రీడింగ్ తీసుకోవడం, 400 మిల్లీసెకన్లు ఆగడం, మళ్ళీ తీసుకోవడం, ఇలా ఐదుసార్లు. దాని మీద కామెంటు కూడా ఉంది: "400 మిల్లీసెకన్లు ఆగు". కింది లైను చెప్పేదీ అదే, పైన కామెంటు చెప్పేదీ అదే. 2023 డిసెంబరు, సీజను మంచి జోరు మీద ఉంది. గేటు బయట ట్రాక్టర్ల వరస రోడ్డు దాకా వచ్చేసింది. చీటీ ఆలస్యమవుతోందని గుమాస్తా రోజూ ఫోను. నేను కోడ్ తెరిచి చూస్తే బండికి రెండు సెకన్లు ఊరికే పోతున్నట్టు కనిపించింది. లూప్ తీసేసి, వచ్చిన మొదటి రీడింగే తీసుకునేలా మార్చాను. అందరూ సంతోషించారు.

మూడో రోజు సాయంత్రం కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఒక సవర రైతు, పెద్దాయన, రెండు చీటీలు బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఆ రోజు ఆయన రెండు ట్రిప్పులు వేశారు. అదే ట్రాక్టరు, అదే ట్రాలీ, అదే డ్రైవరు. ఖాళీ తూకం పొద్దున 3,490, సాయంత్రం 3,530. ఆ రెండు అంకెల మీద వేలు పెట్టి "ఏటి బాబూ, ఖాళీ బండి సాయంత్రానికి బరువెక్కిపోయిందేటి?" అని అడిగారు. గొంతు పెంచలేదు. ఖాళీ తూకం 40 కిలోలు ఎక్కువ పడితే పత్తి 40 కిలోలు తక్కువ పడినట్టే. ఆ ఏడు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 7,020 రూపాయలు. ఆ లెక్కన ఒక్క ట్రిప్పుకి 2,808 రూపాయలు ఆయన జేబులోంచి పోయాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

విశాఖలో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఆ లూప్ కొట్టేశావా?" అన్నారు ముందు. తర్వాత విడమరిచి చెప్పారు. కొన్ని ఇండికేటర్లు బరువు నిలకడకి వచ్చాక ఆ సంగతి తెలిపే గుర్తు కూడా పంపుతాయి. మిల్లులో ఉన్నది పాతది, అది పంపదు. బండి ఎక్కి బ్రేకు వేశాక కాటా ప్లాట్‌ఫారం కాసేపు ఊగుతూనే ఉంటుంది, అంకె పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఐదు రీడింగులూ 10 కిలోల తేడాలో ఉంటేనే తూకం ఒప్పుకోవాలని ఆయన అలా రాశారు. మరి సగటు తీస్తే సరిపోదా అన్నాను. అదీ చేసి చూశారట. బండి చక్రం ఇంకా కాటా అంచు మీద ఉండగా తీసిన రీడింగ్ కలిస్తే సగటు మొత్తం చెడిపోతుంది, పైగా చెడిందని ఎవరికీ తెలియదు. ఇదంతా ఆయన బుర్రలో ఉంది. ఫైల్లో మాత్రం "400 మిల్లీసెకన్లు ఆగు" అని ఉంది.

లూప్ తిరిగి పెట్టాను. ఆ మూడు రోజుల చీటీలన్నీ తీయించి, అవే బండ్లు మళ్ళీ వచ్చినప్పుడు ఖాళీ తూకం సరిచూసి, తేడా వచ్చినవాళ్ళకి మిల్లు యజమాని డబ్బు కట్టారు. మళ్ళీ రాని బండ్ల సంగతి ఏమీ చేయలేకపోయాం. అది ఇప్పటికీ బాధే.

ఇప్పుడు ఆ లూప్ మీద ఉన్న కామెంటు తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"ఈ ఇండికేటర్ బరువు నిలకడ అయిందని గుర్తు పంపదు. బండి ఎక్కాక ప్లాట్‌ఫారం ఊగుతుంది. అందుకని ఐదు రీడింగులూ 10 కిలోల లోపు తేడాలో ఉంటేనే తూకం తీసుకుంటున్నాం. సగటు తీయొద్దు, బండి పూర్తిగా ఎక్కకముందు రీడింగ్ కలిసిపోతుంది. 2023 డిసెంబరులో ఈ లూప్ తీసేస్తే ఖాళీ తూకంలో 40 కిలోల తేడా వచ్చింది. నిలకడ గుర్తు పంపే ఇండికేటర్ పెట్టిన రోజు ఇది తీసేయొచ్చు."

నా దృష్టిలో చివరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. అది లేకపోతే మన తర్వాత వచ్చినవాళ్ళు భయంతో ఆ ముక్కని ఎప్పటికీ ముట్టుకోరు. కొత్త ఇండికేటర్ వచ్చాక కూడా ప్రతి బండీ ఆ రెండు సెకన్లు ఆగుతూనే ఉంటుంది.

ఇంకో చిన్న ఉదాహరణ. బండి నంబరు సరిచూసే చోట మొదటి అక్షరాలుగా ఓడీతో పాటు ఓఆర్ కూడా ఒప్పుకుంటాం. ఓఆర్ అక్కడెందుకు, తప్పు పడిందేమో అని కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. ఒడిశా బండ్లకి ఓడీ సిరీస్ వచ్చింది 2012లో, అంతకు ముందు రిజిస్టర్ అయిన ట్రాక్టర్లు రాయగడ జిల్లాలో ఓఆర్ 18 నంబరుతో ఇంకా తిరుగుతున్నాయి. అడిగిన వెంటనే ఆ రెండు ముక్కలూ అక్కడ రాయించాను. ఎవరైనా "ఇదెందుకు?" అని ఒక్కసారి అడిగారంటే అక్కడ కామెంటు కావాలని అర్థం. ఫోన్లో చెప్పిన జవాబే ఫైల్లో పెట్టేయండి.

భాష గురించి కూడా చెప్పాలి, మన సరిహద్దు ఊళ్ళలో ఇది నిజంగా ఇబ్బంది పెడుతుంది. మొదట్లో నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాణ్ణి, నాతో పనిచేసే ఒడియా మిత్రుడు అలాగే ఒడియా రాసేవాడు. ఒకరిది ఒకరికి అర్థమయ్యేది కాదు. మాట్లాడుకునేటప్పుడు రెండూ కలిపి నడిపించేస్తాం, ఫైల్లో అలా కుదరదు. ఇప్పుడు ఇద్దరం చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాస్తున్నాం. వ్యాకరణం తప్పులున్నా పట్టించుకోం.

ఇవన్నీ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) కమిట్ మెసేజ్‌గా, అంటే మార్పుతో పాటు దాచే వివరణగా, రాస్తే చాలదా అని కొందరంటారు. పెద్ద కంపెనీల్లో చాలొచ్చేమో. మా ప్రోగ్రాం నా దగ్గరికి వచ్చింది పెన్‌డ్రైవ్‌లో, జిప్ ఫైలుగా. అంతకు ముందు చరిత్ర ఒక్క ముక్క లేదు. లైను ఎటు పోతే కామెంటు అటు వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. 10 కిలోలని 5 చేశారనుకోండి, కామెంటులో అంకె కూడా అప్పుడే మార్చాలి, రేపు చూద్దాం అనుకోవద్దు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ ఎలా రాయాలో చెప్పే పెప్ 8 నియమావళి కూడా ఇదే చెప్తుంది: కోడ్ ఒకటి, కామెంటు ఇంకొకటి అంటుంటే, అసలు కామెంటు లేకపోవడమే నయం.

ఇక మీ ఏడు రోజుల లైను. దాన్ని ఇప్పుడే తీసేయకండి. ముందు ఆ స్కూల్లో ఫీజులు కట్టించుకునే గుమాస్తాని అడగండి, వీలైతే రాసినాయనకి ఒక ఫోన్ చేయండి. కారణం దొరికితే ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, ఏమైతే ఆ లైను అక్కర్లేదు, ఈ మూడూ దాని మీద రాయండి. దొరకకపోతే "కారణం తెలియలేదు, ఫలానా తేదీన ఫలానావాళ్ళని అడిగాను" అని రాసి వదిలేయండి. మీ తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోకుండా మీరు ఆపిన చోట మొదలుపెడతారు.