రాక్ షోకి కుక్కలతో ప్రయాణం: మీ లాబ్రడార్‌వి కారు వాంతులు కావు

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. ఆరు గేదెలున్నాయి. ఆరేళ్ల లాబ్రడార్ (28 కిలోలు), ఏడాదిన్నర నాటు కుక్క (16 కిలోలు) కూడా ఉన్నాయి. చదువుకునే రోజుల నుంచి నాకు ప్రాణమైన ఇంగ్లీష్ రాక్ బ్యాండ్ వచ్చే నెల బెంగళూరు వస్తోంది. మేమిద్దరం వెళ్తే కుక్కల్ని చూసుకునేవాళ్లు లేరు. వాటిని కారులోనే తీసుకెళ్లి, షో అయ్యేవరకు పార్కింగ్‌లో ఉంచుదామనుకుంటున్నాం. కానీ లాబ్రడార్‌కు కారు పడటం లేదు, భీమిలి వెళ్లేలోపే వాంతి చేసుకుంది. పది రోజుల నుంచి సరిగా తినడం లేదు, వేడి చేసి ఒకసారి ముక్కు నుంచి రక్తం కూడా వచ్చింది. మందుల షాపులో నట్టలని చెప్పి గేదెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్, మనుషుల వాంతి మాత్రలు, దారిలో పడుకోవడానికి మత్తు మాత్రలు ఇచ్చారు. ఇంజెక్షన్ ఒకటి వేశాం. మాత్రలు ఎన్నెన్ని వేయాలి?

సమాధానం: ఒక్కటీ వేయొద్దు. మిగిలిన ఇంజెక్షన్ కూడా పక్కన పెట్టండి.

మీరు షో గురించి నాలుగు మాటలు రాసి ముక్కులోంచి రక్తం సంగతి ఒక్క మాటలో తేల్చేశారు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. కారు పడని కుక్క కారులో వాంతి చేసుకుంటుంది, దిగాక కాసేపటికి తేరుకుని గిన్నె నాకేస్తుంది. ఇంట్లో ఉన్నా పది రోజులు తిండి మానెయ్యదు. వేడి చేస్తే కుక్కకు ముక్కు నుంచి రక్తం రాదు. తిండి తగ్గడం, ముక్కు రక్తం రెండూ కలిసి వస్తే నేను ముందు అనుమానించేది ఎర్లీషియా, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరం. ఆ క్రిమి రక్తంలో చేరితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తం ఆగదు. ఇప్పుడే పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి: తెల్లగా పాలిపోయినా, ఎర్రటి చుక్కలు కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద గోమార్లు వెతకండి. దొరకకపోతే జబ్బు కాదని అనుకోవద్దు, కుట్టిన గోమారు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. పాకలో ఎలుకల మందు పెట్టారా? పెట్టి ఉంటే అది తిన్నా ఇలాగే రక్తం కారుతుంది, దాని వైద్యం పూర్తిగా వేరు, డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పండి.

రేపు ఉదయమే పశువైద్యశాలకు తీసుకెళ్లి దాని రక్తం పరీక్షకు ఇవ్వండి. సీబీసీ (రక్తకణాల లెక్క), రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే స్మియర్ పరీక్ష, వీలైతే ఎర్లీషియా కిట్ టెస్టు. అదే స్మియర్‌లో బబీసియా (గోమార్ల వల్లే వచ్చే ఇంకో రక్త క్రిమి), మైక్రోఫైలేరియా (గుండె పురుగు పిల్లలు) కూడా చూడమనండి. మూత్రం కాఫీ రంగులో వస్తోందేమో మీరు గమనించి చెప్పండి, అది బబీసియా లక్షణం. ఎర్లీషియా అని తేలితే మామూలుగా రాసేది డాక్సీసైక్లిన్, కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున, అంటే మీ కుక్కకు రోజుకు 280 మి.గ్రా. దగ్గర, 28 రోజులు. అన్నం పెట్టాకే వేయాలి, వెంటనే నీళ్లు తాగించాలి, మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది. పాలు, పెరుగుతో మాత్రం వేయొద్దు, మందు ఒంటికి సరిగా పట్టదు. పాడి రైతు ఇంట్లో మొదట జరిగే పొరపాటు ఇదే. రెండు మూడు రోజుల్లో కుక్క తోక ఊపుతూ లేచి తిరుగుతుంది, అప్పుడు మందు ఆపేస్తారు చూడండి, అక్కడే జబ్బు లోపల దాక్కుని కొన్ని నెలల తర్వాత తిరగబడుతుంది. జ్వరం ఉందని ఇంట్లోని పారాసిటమాల్, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేయకండి. రక్తం కారుతున్న కుక్కకు ఆస్పిరిన్ అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇప్పుడు మందుల షాపు విషయం. గేదెకు కొలిచిన ఇంజెక్షన్‌ను కుక్కకు కంటి అంచనాతో ఎక్కించే అలవాటు మన పల్లెల్లో ఎంత పెరిగిందంటే, ఐవర్‌మెక్టిన్ వేశాక తూలుతూ, చొంగ కారుస్తూ వచ్చే కుక్కల్ని తరచూ చూస్తున్నాం. కోలీ (గొర్రెలు కాసే విదేశీ కుక్క) జాతి రక్తం ఉన్న కుక్కలకు ఆ మందు మెదడుకు ఎక్కుతుంది. గుండె పురుగు పిల్లలు రక్తంలో ఎక్కువగా ఉన్న కుక్కకు వేస్తే షాక్ రావచ్చు. మీ లాబ్రడార్ ఇప్పటికి తట్టుకుంది, సంతోషం. కానీ మల పరీక్ష లేదు, రక్త పరీక్ష లేదు, కుక్కను కనీసం చూడనైనా లేదు, ‘నట్టలు’ అని కౌంటర్ వెనక నుంచే తేల్చేశారు. ఆయన సరుకు అమ్ముకుంటాడు, అది ఆయన వ్యాపారం. కుక్క బరువెంత అని కూడా అడగని మనిషి ఇచ్చిన మందు మీరెందుకు వేశారన్నదే నా ప్రశ్న.

మత్తు మాత్ర ఇంకా ప్రమాదం. ఇలాంటి పనికి వాడే ఏస్‌ప్రోమజీన్ రకం కుక్క ఒంటిని పడుకోబెడుతుంది గానీ భయాన్ని తీయదు. కదలలేక లోపల వణుకుతూ ఉంటుంది, చూసేవాళ్లకు హాయిగా నిద్రపోతున్నట్టు ఉంటుంది. రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది. రక్తం తగ్గిన కుక్కకు అది వేసి, అద్దాలు ఎత్తిన కారులో పెడితే మీరు షో చూసి వచ్చేసరికి కుక్క మిగలదు. బయట 24 డిగ్రీలే ఉన్నా మూసిన కారులో అరగంటకు 40 దాటుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. ఇక శబ్దం. రాక్ షోలో 100 డెసిబెల్స్ పైమాటే, పార్కింగ్‌దాకా బేస్ అదురుతుంది. మనకు 20 వేల హెర్ట్జ్ దాటిన కీచు శబ్దం వినిపించదు, కుక్క 45 వేల దాకా వింటుంది, దీపావళికి మీవి ఎక్కడ దాక్కుంటాయో గుర్తుంది కదా. గేట్లు తెరవడం, షో, తర్వాత బయటపడే ట్రాఫిక్ అన్నీ కలిపితే ఆరేడు గంటలు. పైగా షోలు చెప్పిన టైముకే జరుగుతాయని నమ్మకం లేదు. 2011 అక్టోబరులో అమెరికా బ్యాండ్ మెటాలికా గుర్గావ్ షో ఆఖరి నిమిషంలో ఆగిపోతే జనం స్టేజీ మీద పడి గోల చేశారు, రెండు రోజుల తర్వాత బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం వాయించారు. అలాంటి గుంపులో చిక్కుకుంటే కారు దాకా మీరే రాలేరు.

కుక్కల్ని చూసేవాళ్లు లేరన్నారు. మరి గేదెలకు పాలు తీసేదెవరు? ఎవరినో ఒకరిని పెట్టే వెళ్తారు కదా, ఆయనకే రెండు పూటలా కుక్కలకు అన్నం, నీళ్లు అప్పగించండి. లాబ్రడార్‌కు 28 రోజుల మందు నడుస్తుంటే డోసు తప్పకుండా వేయమని కాగితం మీద రాసి గోడకు అంటించండి. మీరిద్దరూ నిశ్చింతగా బెంగళూరు వెళ్లి రండి. ప్రాణమైన బ్యాండ్‌ని చూడొద్దని నేను చెప్పను.

నాటు కుక్కనైనా తీసుకెళ్తామని పట్టుబడితే, ముందు దాని టీకాల సంగతి. మీరు దాని గురించి ఒక్క ముక్కా రాయలేదంటే వేయించలేదనే అనుకుంటున్నాను. రేబిస్ టీకా మొదటిసారి వేయించాక రక్షణ రావడానికి 21 రోజులు పడుతుంది, కాబట్టి ఈ వారమే వేయించండి, తర్వాత ఏటా. ఏటా జులై 6న జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, కానీ ఈ ప్రయాణానికి అప్పటిదాకా ఆగకండి. డిస్టెంపర్, పార్వో, లెప్టో అనే అంటు జబ్బులకు కలిపి వేసే టీకా కూడా కావాలి, ధాబాల దగ్గర ఊర కుక్కలు ఎక్కువ. రైలైతే ఫస్ట్ ఏసీలో మొత్తం కూపే మీ పేరున ఉంటేనే కుక్కను వెంట తీసుకెళ్లనిస్తారు, లేకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టె. స్లీపర్‌లో, త్రీ టైర్‌లో కుదరదు. కారులో దాదాపు వెయ్యి కిలోమీటర్లు. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు కొంచెం తిండి, రెండు మూడు గంటలకోసారి ఆపి నీళ్లు. దానికి నిజంగా కారు వాంతులుంటే మారోపిటెంట్ మాత్ర, కిలోకు 8 మి.గ్రా., ప్రయాణానికి రెండు గంటల ముందు, వరుసగా రెండు రోజులకు మించకుండా, అదీ డాక్టరు రాసిస్తేనే. షో టైములో ఏసీ గదిలో మీలో ఒకరు దాని దగ్గర కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారో ఇంట్లో తేల్చుకోండి.

గోమార్లను వదిలేస్తే డాక్సీసైక్లిన్ పూర్తిచేసినా మళ్లీ ఇదే కథ. ఒక్క ఆడ గోమారు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. రెండు కుక్కలకూ ఒకేసారి గోమార్లను చంపే ఫ్లురలానర్ నమిలే మాత్ర వేయండి, లాబ్రడార్‌కు 1000 మి.గ్రా.ది, నాటు కుక్కకు 500 మి.గ్రా.ది, తిండితో పాటు. పన్నెండు వారాలు పనిచేస్తుంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం వద్దు. పాకలో పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టండి. షాపువాళ్లు చెప్పారని గేదెల మీద చల్లే మందును రెట్టింపు చేసి కుక్కల మీద పోయొద్దు. అవి నాకుతాయి, విషం లోపలికి పోతుంది.

కుక్కను కదిలించలేని స్థితి వస్తే 1962కు ఫోన్ చేయండి, పశువైద్య సంచార వాహనం వస్తుంది. రక్త పరీక్ష రిపోర్టు రాగానే ప్లేట్‌లెట్ల సంఖ్య, హిమోగ్లోబిన్ రాసి పంపండి. ఐవర్‌మెక్టిన్ ఏ రోజు, ఎన్ని మి.లీ. వేశారో కూడా రాయండి, సీసా మీద శాతం చూసి.