ఆరేడేళ్లుగా షెడ్డులో ఉన్న పాత మారుతి 800ని ఇంటి దగ్గరే మళ్లీ రోడ్డెక్కించవచ్చా?

మీ నాన్నగారి 1999 మోడల్ మారుతి 800 ఆరేడేళ్లుగా షెడ్డులోనే ఉండిపోయిందని, మెకానిక్ తుక్కుకి వేసేయమన్నాడని రాశారు. ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. చేసుకోవచ్చండీ. సరిగ్గా ఇలాంటి బండినే నేను చేసుకున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. కాకపోతే మొదలుపెట్టాల్సింది ఇంజిన్ దగ్గర కాదు, బ్రేకుల దగ్గర. ఈ సంగతి నాకు మొదట ఎవరూ చెప్పలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న 1998లో కొన్న తెల్ల మారుతి అది. 2016లో ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గొడ్లచావిడి పక్కన రేకుల షెడ్డులో, వరిగడ్డి దుమ్ములో ఆరేళ్లు ఉంది. 2022లో నాకు ఇంటినుంచే ఉద్యోగం కాబట్టి ఊరికి వచ్చేశాను. సాయంత్రాలు, ఆదివారాలు పెట్టుకుంటే పది వారాలు పట్టింది.

మొదటిరోజే నేను పెద్ద తప్పు చేశాను. ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలించి, ట్యాంకులో ఉన్న పాత పెట్రోలుతోనే సెల్ఫ్ కొట్టాను. పది పన్నెండుసార్లు కొట్టాక ఇంజిన్ అందుకుంది. ఆ సంతోషంలో గేరు వేసి షెడ్డులోంచి బయటికి తీశాను. మా వాకిలి రోడ్డువైపుకి వాలుగా ఉంటుంది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకి ఆనింది కానీ బండి ఆగలేదు. హ్యాండ్ బ్రేక్ లాగితే లివర్ ఊరికే పైకి వచ్చేసింది. వెళ్లి పందిరి గుంజకి గుద్దుకుని ఆగింది. ఆ సమయానికి వాకిట్లో ఎవరూ లేరు. పిల్లలు అప్పుడే అన్నానికి లోపలికి వెళ్లారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అందుకే చెబుతున్నాను, ఆగుతుందని తేలేదాకా మీ బండి స్టార్ట్ చేయకండి.

బ్రేకుల పని ఇలా చేశాను. వెనక చక్రాలు ఎత్తి, ముందు చక్రాలకి రెండువైపులా రాళ్లు పెట్టాను. బండి కింద పని చేసేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. స్టాండ్లు లేకపోతే మంచి చెక్క దిమ్మలు, విప్పిన చక్రాలు కూడా బాడీ కింద పెట్టండి. చక్రం వెనక ఉండే బ్రేకు డ్రమ్ము మొదట ఊడిరాలేదు. అంచు చుట్టూ తుప్పు పేరుకుని పట్టేసింది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసి, మర్నాడు చెక్క అడ్డం పెట్టి సుత్తితో చుట్టూ తట్టుకుంటూ వస్తే అరగంటకి కదిలింది. లోపల దుమ్ముని నోటితో ఊదకండి, గాలి పైపు పెట్టకండి. డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే లైనర్లు పాతవైతే వాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

డ్రమ్ము ఊడాక చూస్తే పైన, బ్రేకు తొక్కినప్పుడు లైనర్లని డ్రమ్ముకేసి నెట్టే, వేలెడంత వీల్ సిలిండర్ ఉంది. దాని చివర రబ్బరు టోపీని గోటితో వెనక్కి లాగాను. కాఫీ డికాక్షన్ రంగులో ద్రవం బొట్టు బొట్టుగా కారింది, దాంతోపాటు తుప్పు పొడి. లోపల పిస్టన్ ఒకవైపు పూర్తిగా బిగుసుకుపోయింది. రెండోవైపు సీలు చిరిగి, ఆ ద్రవమంతా లైనర్లకి పట్టేసింది. బ్రేకులు ఎందుకు పడలేదో అప్పుడర్థమైంది. బ్రేక్ ఆయిల్ అని మనం అనేది నిజానికి ఆయిల్ కాదు. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమ లోపలినుంచి ఇనుముని తినేస్తుంది. బండి తిరక్కుండా ఒకచోటే ఉన్నా ఇది ఆగదు.

సిలిండర్లకి సీళ్ల కిట్ దొరుకుతుంది కానీ, లోపల గోడలు గరుకెక్కితే కిట్ వేసినా మళ్లీ కారుతుంది. నేను వెనక రెండు సిలిండర్లు, లైనర్లు, పెడల్ తొక్కితే ద్రవాన్ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్, నాలుగు రబ్బరు హోసులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ అన్నీ కొత్తవే వేశాను. ముందు చక్రాలకి డిస్కులు ఉంటాయి. వాటిని ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్ల పిస్టన్లు కదులుతున్నాయో లేదో చూసి, ప్యాడ్లు మార్చాను. బ్రేకుల దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

తర్వాత బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడం. దీనికి రెండో మనిషి కావాలి. మా అమ్మని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. ఆవిడ ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. నేను వెనక ఎడమ చక్రం దగ్గర, అంటే మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రం దగ్గర, గాలి వదిలే చిన్న మర అయిన నిపుల్‌కి సన్న పైపు తగిలించి చివర సీసాలో ముంచి పడుకున్నాను. "తొక్కమ్మా, తొక్కి పట్టుకో" అంటే ఆవిడ తొక్కి పట్టుకునేది. నిపుల్ వదులు చేస్తే బుడగలు వచ్చేవి, బిగించాక "ఇప్పుడు వదులు" అనేవాణ్ణి. మధ్య మధ్యలో పైన డబ్బాలో ద్రవం నింపుకుంటూ ఉండాలి, అడుగంటితే మళ్లీ గాలి వెళుతుంది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పొద్దుగూకింది. "ఇప్పుడు పెడల్ గట్టిగా ఉందిరా, మీ నాన్న తొక్కితే ఇలాగే ఆగేది" అంది అమ్మ.

ఆ తర్వాతే ఇంజిన్ జోలికి వెళ్లాను. ఈ బండిలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. 1983 డిసెంబరులో బయటికొచ్చిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఇంజిన్‌తో ఓమ్నీ వ్యాను 2019 దాకా వచ్చింది. కాబట్టి సామాన్లు దొరకవన్న బెంగ వద్దు. నాకు కావలసినవన్నీ విజయవాడ ఆటోనగర్‌లో రెండు ట్రిప్పుల్లో దొరికాయి. హైదరాబాద్ వైపు వాళ్లయితే రాణిగంజ్‌లో అడగండి.

ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. మా దాంట్లో ఎలుకలు గడ్డితో, సీటు స్పాంజితో గూడు కట్టాయి. నేను మొదటిరోజు దీన్ని చూడకుండానే సెల్ఫ్ కొట్టాను, ఆ చెత్తంతా లోపలికి లాగి ఉండేది. తర్వాత మూడు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. పిస్టన్ రింగులు గోడలకి పట్టేసి ఉంటే నానతాయి. ఆపైన గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ పక్కన బెల్టు తిప్పే క్రాంక్ పుల్లీ బోల్టుకి రింగు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. ప్లగ్గులు లేవు కాబట్టి తేలిగ్గానే తిరగాలి. తిరక్కపోతే బలం పెట్టొద్దు, ఇంకో రెండు రోజులు నాననివ్వండి. రెండు పూర్తి చుట్లు ఎక్కడా అడ్డు లేకుండా తిరిగితే ఇంజిన్ బతికున్నట్టే. నాకు ఆ రెండు చుట్లు తిరిగినప్పుడు కలిగిన సంతోషం తర్వాత స్టార్ట్ అయినప్పుడు కూడా కలగలేదు.

వాల్వుల్ని పిస్టన్ల కదలికతో కలిపి నడిపే టైమింగ్ బెల్ట్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క ఇక్కడ పనికిరాదు. రబ్బరుకి వయసే శత్రువు, కొత్తది వేయించండి. బెల్ట్ వేసేటప్పుడు పుల్లీల మీద మార్కులు కలపడం నాకు అలవాటు లేని పని కాబట్టి ఆ ఒక్కరోజుకి తెలిసిన మెకానిక్ బాబాయిని ఇంటికి పిలిపించాను. వచ్చినాయన అదే చేత్తో వాటర్ పంపు కూడా మార్చాడు. చేతకాని పనిని చేతనైనవాళ్లకి ఇవ్వడంలో తప్పు లేదు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కొత్తవి వేసి, ప్లగ్గులు ఇంకా పెట్టకుండా, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్‌కి కరెంటు రాకుండా తీసేసి పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. డాష్ మీద ఆయిల్ లైటు ఆరిపోయిందంటే ఆయిల్ పైదాకా చేరినట్టు.

పాత పెట్రోల్ గురించి గట్టిగా చెప్పాలి. ట్యాంకు దింపించి చూస్తే అడుగున తుప్పు, పైన వార్నిష్ వాసన. మీది కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) ఉన్న బండే అయితే అసలు తంటా అక్కడే ఉంటుంది. మా దాంట్లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె తెరిస్తే అడుగున పాకం ముదిరినట్టు పచ్చటి జిగురు పేరుకుని ఉంది. జెట్లు మూసుకుపోయాయి. జెట్టు అంటే నడుమ సన్నటి రంధ్రం ఉండే ఇత్తడి మర. దాంట్లో తీగ గుచ్చొద్దు, రంధ్రం పెద్దదైతే ఆ తర్వాత ఇంజిన్ ఎప్పటికీ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, ఆకాశం వైపు పెట్టి చూడండి. సూది మొనంత గుండ్రటి వెలుగు కనిపించాలి. నాకు ఒక జెట్టులో ఆ వెలుగు అర్ధచంద్రంలా కనిపించింది. ఇంకో రాత్రి నానబెడితే గుండ్రంగా అయింది.

పెట్రోల్ పైపులన్నీ మార్చండి, ఫిల్టరూ మార్చండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఆ కాలపు రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. మెత్తబడి చీలితే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారుతుంది. కొత్త పైపులు కొనేటప్పుడు ఇథనాల్‌కి పనికొచ్చేవి అని అడిగి తీసుకోండి. మొదటి స్టార్ట్ అప్పుడు పక్కన మంటలార్పే సిలిండర్ గానీ, బకెట్ నిండా పొడి ఇసుక గానీ పెట్టుకోండి. షెడ్డు లోపల మాత్రం స్టార్ట్ చేయొద్దు.

మాది మూడోసారి సెల్ఫ్‌కి అందుకుంది. సిలిండర్లలో పోసిన ఆయిల్ కాలి పది నిమిషాలు పొగ వచ్చింది, కంగారుపడకండి. అరగంట తర్వాత కూడా నీలం పొగ తగ్గకపోతే అప్పుడు రింగులో, వాల్వ్ సీళ్లో చూపించాలి.

మిగతావి త్వరగా చెబుతాను. బ్యాటరీ కొత్తదే కొనండి, ఏళ్ల తరబడి చచ్చిపోయినదానికి ఛార్జింగ్ పెట్టి లాభం లేదు. రేడియేటర్ హోసుల్ని వేళ్లతో నొక్కి చూడండి, పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. ఎర్త్ వైర్లు బాడీకి కలిసేచోట ఎమ్రీ పేపర్‌తో రుద్దండి. నా బండిలో లైట్లు, హారన్ సమస్యలు సగం దాంతోనే పోయాయి. మిగతా సగం ఎలుకలు కొరికిన వైర్లు.

టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య చూడండి. 0915 అని ఉంటే 2015లో తొమ్మిదో వారంలో తయారైందని. అరుగుదల లేకుండా కొత్తగా కనిపించినా, పదేళ్లనాటి టైరు హైవే మీద నమ్మదగ్గది కాదు. నాలుగూ మార్చాను, స్టెప్నీతో కలిపి ఐదు.

ఇంకొకటి, నేల మీద కార్పెట్ ఎత్తి చూడండి. మా డెల్టా తేమకి డ్రైవర్ కాళ్ల కింద రేకు అరచెయ్యంత మేర పోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయింది. సీటు, బెల్టు బిగించేచోట రేకు పోతే మాత్రం వెల్డింగ్ తప్పనిసరి. పైన రంగు పూసి కప్పేయొద్దు. నా మొత్తం ఖర్చు వెల్డింగ్, టైర్లతో కలిపి సుమారు 45 వేలు అయింది, కాగితాల ఖర్చు కాకుండా.

కాగితాల దగ్గర మీకు టెన్షన్ ఉన్నట్టు ఉంది. 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండి నడపకూడదన్న నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన రెండు రాష్ట్రాల్లో ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఆర్‌సీని ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. దరఖాస్తు ఫారం 25. నేను చేయించిన ఏడాదే, 2022 ఏప్రిల్ నుంచి, కార్ల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలు అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు, మీ బండి ఆ లెక్కలోకి వస్తుంది. గడువు దాటినందుకు నెలకి 500 చొప్పున అదనం, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరే. ముందే మీ రవాణా కార్యాలయంలో మొత్తం ఎంతవుతుందో రాయించుకుని, అప్పుడు ఖర్చు మొదలుపెట్టండి. పని అంతా అయ్యాక ఆ లెక్క చూసి నీరసపడినవాళ్లని చూశాను.

మీ నాన్నగారు ఉన్నారో లేరో మీరు రాయలేదు. లేకపోతే బండి మీ పేరుకి మారాలి, దానికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకి అభ్యంతరం లేదని కాగితం కూడా రాయించుకోండి. ఛాసిస్ నంబరు మీద తుప్పు ఉంటే మెత్తగా తుడిచి, అంకెలు చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. నా దాంట్లో రెండు అంకెలు కనపడక ఒక రోజంతా పోయింది.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా వీధి చివరిదాకా కూడా తీసుకెళ్లకండి. వెయ్యి సీసీ లోపు కారుకి 2022 జూన్‌లో ఏడాదికి 2,094 రూపాయలు, పన్ను అదనంగా నిర్ణయించారు. లేకుండా పట్టుబడితే మొదటిసారికే 2,000 జరిమానా. అంతకన్నా, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ భారం ఇంటిమీద పడుతుంది. ఫిట్‌నెస్‌కి నేను బండిని ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లాను.

ఈ ఆదివారం ఒక్క వెనక చక్రం విప్పి, డ్రమ్ము తీసి, వీల్ సిలిండర్ దగ్గర తడిగా ఉందో పొడిగా ఉందో చూడండి. ఫొటో తీసి ఇక్కడే కింద పెడితే కిట్‌తో సరిపోతుందో, కొత్తది కావాలో నాకు తెలిసినంతలో చెబుతాను.